బోర్లా పడిన రోజు ఎవరు చూశారు?

తెలుగిళ్ళలో పసిబిడ్డ ఎదుగుదలకు పిండివంటల లెక్క ఒకటుంది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు, మాటలొస్తే పంచదార చిలకలు. ఇంటింటికీ వంటకం మారుతుంది గానీ లోపలి సంగతి ఒకటే. బిడ్డలో కొత్తగా వచ్చిన మార్పును ఎవరో కళ్ళారా చూశారు, నలుగురికీ చెప్పారు, ఇల్లంతా దాన్ని గుర్తుపెట్టుకుంది. ఆ చూసేది చాలావరకు తల్లే. పిల్లలు బడికి వెళ్ళే వయసొచ్చాక ఆమె తలపోసుకునేవీ ఇవే. ఏ నెలలో కూర్చున్నాడు, ఏ మాట ముందొచ్చింది, ఏ కూర కలిపితే మారాం చేయకుండా తినేది. వీటిని ఉత్త ముచ్చట్లని కొట్టిపారేయడం మనకు అలవాటు. నా ఉద్దేశంలో, తల్లి బిడ్డను ఇలా గమనించడం, గుర్తుంచుకోవడం, ఆ గుర్తుల్ని తిరిగి బిడ్డతోనే చెప్పుకోవడం ఆ బిడ్డ ఎదుగుదలలో భాగమే. అన్నం, టీకాలు ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం. దీనికి తీరిక కావాలి, బిడ్డ దగ్గర్లో ఉండాలి. పొలాలు పోయి ఫ్యాక్టరీలు వస్తున్న ఊళ్ళలో తల్లులకు ఆ రెండూ ఎక్కడి నుంచి వస్తాయన్నదే ఇప్పటి ప్రశ్న.

రంగారెడ్డి జిల్లా షాబాద్ మండలంలోని చందనవెల్లి అలాంటి ఊరే. చేవెళ్ల, మొయినాబాద్, షాబాద్ చుట్టుపక్కల పల్లెలు కూరగాయలు, పూలు పండించి పట్నానికి పంపి బతికిన పల్లెలు. ఇప్పుడు చందనవెల్లి, హైతాబాద్ భూముల్లో పారిశ్రామిక పార్కు వెలిసింది. వెల్‌స్పన్ జౌళి కర్మాగారం వచ్చింది. అదే మండలంలోని సీతారాంపూర్‌లో, పసిపిల్లల దుస్తుల తయారీకి పేరున్న కైటెక్స్ సంస్థ యూనిట్‌కు 2023లో శంకుస్థాపన జరిగింది. బట్టల పరిశ్రమ ఎక్కడికి వెళ్ళినా ఆడవాళ్ళకు పని తెస్తుంది. ఇది మంచి మార్పేనని నేను నమ్ముతున్నాను. నెల తిరిగేసరికి చేతికొచ్చే జీతం, పీఎఫ్, ఈఎస్ఐ కార్డు కైకిలి (కూలి) పనిలో ఎప్పుడూ లేనివి. అయితే కైకిలికి పోయే తల్లి చంటిబిడ్డను వెంట తీసుకుపోగలిగేది. చేను ఒడ్డున వేపకొమ్మకు పాతచీరతో తొట్టెల కట్టి, ఒక సాలు ముగిసినప్పుడల్లా వచ్చి చూసుకునేది, ఏడిస్తే పాలిచ్చేది. అదేదో గొప్ప ఏర్పాటని అనడం లేదు. ఎండ ఉంది, పురుగూ పుట్రా ఉన్నాయి, పక్కచేలో మందు కొట్టిన వాసన ఉంది. అయినా బిడ్డ కనుచూపు మేరలో ఉండేది. కుట్టుమిషన్ల వరసలోకి బిడ్డను తీసుకుపోవడం కుదరదు, కుదరకూడదు కూడా. కాబట్టి పాత పనిలో ఎవరూ ఏర్పాటు చేయకుండానే దొరికిన దగ్గరితనాన్ని కొత్త పనిలో ఎవరో ఒకరు పూనుకుని ఏర్పాటు చేయాలి.

ఈ దగ్గరితనం మొదటి మూడేళ్ళలోనే ఎందుకంత అవసరమంటే, అప్పటి ఎదుగుదల వేగం మళ్ళీ జీవితంలో రాదు. పుట్టినప్పటి బరువు ఐదారు నెలల్లో రెట్టింపవుతుంది, ఏడాదికి మూడింతలవుతుంది. మొదటి ఏడాది పాతిక సెంటీమీటర్ల దాకా పెరిగే పొడవు, రెండో ఏడాది అందులో సగమే పెరుగుతుంది. రెండేళ్ళు నిండేసరికి, పెద్దయ్యాక ఉండబోయే ఎత్తులో దాదాపు సగం వచ్చేస్తుంది. ఇంత జరుగుతున్నా రోజూ చూసే కంటికి అది ఆనదు. 'ఎప్పుడు ఎదిగాడో తెలియనే లేదు' అని తల్లులు అనేది అందుకే. ఎదుగుదల ఆగిపోయినా అలాగే తెలియదు. వాడలో పిల్లలంతా కాస్త పొట్టిగా ఉంటే అదే సహజమనిపిస్తుంది. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 28 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని తేల్చింది. 2019-21 సర్వేలో అది 33 శాతమైంది. అంటే ముగ్గురిలో ఒకరు. వీళ్ళ తల్లుల్లో ఎక్కువమంది తమ బిడ్డకు లోటుందని అనుకుని ఉండరు.

కంటికి ఆనని లోటును కొలిచి చూపడానికి అంగన్‌వాడీలో ఒక సన్నని టేపు ఉంటుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల ఎడమచేతి జబ్బ చుట్టూ వేసి లాగితే, చిన్న కిటికీలాంటి సందులో రంగు కనబడుతుంది. 12.5 సెంటీమీటర్లు దాటితే ఆకుపచ్చ, 11.5 నుంచి 12.5 దాకా పసుపు, 11.5 లోపైతే ఎరుపు. తల్లీబిడ్డల కార్డులో నెలనెలా బరువు చుక్క పెట్టి గీత కలిపే పటమూ ఇలాంటిదే. చుక్క ఎక్కడ పడిందన్న దానికంటే గీత ఎటు పోతోందన్నది ముఖ్యం. రెండు నెలలుగా అడ్డంగా పోతున్న గీత, బిడ్డ పైకి ఆడుతూ పాడుతూ ఉన్నా, ఏదో తేడా ఉందని చెబుతుంది. టేపు రంగు చూపిస్తుంది గానీ కారణం చెప్పలేదు. విరేచనాలు ఎప్పుడు మొదలయ్యాయి, ఏ పూట ముద్ద తినడం మానేశాడు, రాత్రిళ్ళు ఎందుకు లేస్తున్నాడు అన్నవి బిడ్డతో ఉన్నవాళ్ళకే తెలుస్తాయి. కొలత, తల్లి గమనింపు రెండూ కలిస్తేనే వైద్యం సరైన దారిన పడుతుంది.

తిండి పెడితే సరిపోదా, ఈ గమనింపులూ తలపోతలూ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. తిండి విలువ ఎంతో ఈ రంగారెడ్డి జిల్లా పల్లెలే ప్రపంచానికి చూపించాయి. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం చేసింది. కొన్ని ఊళ్ళలో గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు అంగన్‌వాడీల ద్వారా అదనపు ఆహారం అందింది. ఆ అంగన్‌వాడీ పథకం ఇంకా రాని ఊళ్ళను పోలిక కోసం తీసుకున్నారు. పదిహేనేళ్ళ తర్వాత ఆ పిల్లలు 13-18 ఏళ్ళ వాళ్ళయ్యాక మళ్ళీ వెళ్ళి పరీక్షించారు. ఆహారం అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువున్నారు. వాళ్ళ రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి, ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది. అంటే ముందుముందు షుగరు, గుండెజబ్బు ముప్పు తక్కువని అర్థం. 2008లో ఈ ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఒక పూట ఉప్మాలాంటి ఆహారం అంత మేలు చేసింది. ఇంచుమించు అదే కాలంలో జమైకాలోని కింగ్‌స్టన్‌లో, ఎదుగుదల తగ్గిన పసిపిల్లలతో ఇంకో ప్రయోగం జరిగింది. కొందరికి పాలపొడి ఇచ్చారు. కొందరి ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు వారానికో గంట వెళ్ళి, బిడ్డతో ఎలా మాట్లాడాలో, ఎలా ఆడించాలో తల్లులకు నేర్పారు. ఇరవయ్యేళ్ళ తర్వాత చూస్తే మాట, ఆట అందిన పిల్లల సంపాదన మిగతావాళ్ళకంటే పాతికశాతం ఎక్కువుంది. పాలపొడి మాత్రమే అందినవాళ్ళలో ఆ తేడా కనబడలేదు. తిండి ఒంటిని నిలబెడుతుంది. ఆ పిల్లలు ఏమవుతారన్నది తిండితో పాటు ఎవరు వాళ్ళతో మాట్లాడారన్న దాని మీదా ఆధారపడింది.

ఇక జ్ఞాపకాల సంగతి. మూడేళ్ళలోపు జరిగినవి మనలో దాదాపు ఎవరికీ గుర్తుండవు. ఆ కాలానికి మన చరిత్రను దాచిపెట్టేది ఇంటివాళ్ళే. పిల్లలు తమ జ్ఞాపకాల్ని కథగా చెప్పుకోవడం ఎలా నేర్చుకుంటారన్న దాని మీద అమెరికాలో రాబిన్ ఫివుష్, న్యూజిలాండ్‌లో ఎలైన్ రీస్ ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. జరిగినదాని గురించి బిడ్డతో విడమరచి మాట్లాడే తల్లుల పిల్లలకు జ్ఞాపకాలు నిండుగా ఉంటాయని, మాట తీరు బాగుంటుందని వాళ్ళు చూపించారు. విడమరచడమంటే పెద్ద విద్య కాదు. "నిన్న అంగట్ల ఏం చూసినం? యాదికున్నదా?" అని తల్లి అడుగుతుంది. "ఎద్దు" అంటాడు బిడ్డ. "అవు, ఎద్దు. ఎసొంటి ఎద్దు? దాని మెడల ఏమున్నది?" అని ఆమె ఇంకో మెట్టు ఎక్కిస్తుంది. అవును, కాదు అని ముగిసిపోయే ప్రశ్న వేయకుండా, బిడ్డ చెప్పిన ఒక్క ముక్కకు తను ఇంకో ముక్క అతికిస్తుంది. మన అమ్మలు, అమ్మమ్మలు నీళ్ళు పోస్తూ, అన్నం కలుపుతూ, జోకొడుతూ చేసేది ఇదే. కాబట్టి తల్లి తలపోత గతంలోకి చూసుకుని నిట్టూర్చడం కాదు. బిడ్డకు 'నేను' అన్నది ఏర్పడటానికి ఆమె రోజూ అందించే సామగ్రి అది. పన్నెండు గంటలు బయట గడిపి, బిడ్డ నిద్రపోయాక ఇల్లు చేరే తల్లికి నిన్నటి సంగతి అడగడానికి ఏ పూట మిగులుతుంది?

చట్టం ఈ విషయం మరిచిపోలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టమే, ముప్పైమందికి మించి మహిళలున్న చోట ఆరేళ్ళలోపు పిల్లలకు శిశు సంరక్షణ కేంద్రం (క్రెష్) ఉండాలంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి జీతంతో సెలవును 26 వారాలు చేశారు. యాభైమంది ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెష్ పెట్టాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసి రావచ్చని రాశారు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా ఆ యాభై సంఖ్యనే నిలిపింది. చిక్కంతా వయసుల దగ్గర ఉంది. 26 వారాలంటే ఆరు నెలలు. తల్లి పనికి తిరిగి వెళ్ళే నెలలోనే బిడ్డకు తొలి ముద్ద పెట్టాలి. దేశంలో ఆరు నుంచి 23 నెలల పిల్లల్లో తగినంత, తగిన తిండి అందుతున్నది దాదాపు 11 శాతానికేనని ఆ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అంగన్‌వాడీలో రోజూ ఉండి ఆడుకునేది మూడేళ్ళు దాటినవాళ్ళు. అంతకన్నా చిన్నవాళ్ళకు బాలామృతం, గుడ్లు ఇంటికి ఇస్తారు, వాళ్ళను ఉంచుకోరు. పైగా సాయంత్రం నాలుగు దాటితే కేంద్రం మూసేస్తారు. షిఫ్టు నాలుగింటికి ముగియదు. ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా, ఎదుగుదల అత్యంత వేగంగా ఉన్న ఆ కాలానికే, చట్టం చెప్పిన క్రెష్ నిజంగా ఉంటే తప్ప, వేరే ఏర్పాటు లేదు.

ఇంట్లో నాయనమ్మ ఉంటుంది కదా అంటారు. ఉంటే బిడ్డ అదృష్టమే. కానీ పల్లెల్లో నలభై అయిదేళ్ళకే నాయనమ్మ అయిన ఆడమనిషి తానే కూలికి పోతుంది. ఆమె కూలి మానుకుంటే ఆ ఇంటి లెక్క తప్పుతుంది. కోడలి జీతం కోసం అత్త జీతం పోగొట్టుకోవడాన్ని ఉచిత సేవ అనుకోవడం పొరపాటు. బిడ్డ మూడేళ్ళవాడయ్యేదాకా తల్లి ఇంట్లో ఉంటే పోలా అన్నది ఇంకో మాట. ఆ సలహా ఇచ్చేవాళ్ళు ఆ మూడేళ్ళ జీతం ఎవరిస్తారో చెప్పరు. తల్లి చేతిలో డబ్బుండటం కూడా బిడ్డ ఆరోగ్యానికి మేలే. తండ్రి సంగతేమిటన్న ప్రశ్న మాత్రం న్యాయమైనది. బిడ్డతో మాట్లాడటం, నెలనెలా తూకానికి తీసుకెళ్ళడం, ముద్ద తినిపించడం అతనూ చేయాలి. ప్రైవేటు ఉద్యోగికి పితృత్వ సెలవు చట్టంలో లేకపోవడం పెద్ద లోపం. క్రెష్ ఫ్యాక్టరీకి వస్తే అది తండ్రికీ తలుపు తెరవాలి.

యజమానుల అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. ఇవన్నీ మోపితే ఆడవాళ్ళను పనిలోకే తీసుకోరన్న భయం ఊరికే పుట్టలేదు. ముప్పైమంది మహిళలన్న పాత నిబంధన, ముప్పై దాటకుండా ఆపేద్దామన్న ఆశను తనలోనే పెట్టుకుంది. కొత్త నిబంధన ఆడ, మగ అనకుండా మొత్తం ఉద్యోగుల్ని లెక్కిస్తుంది. యాభైమంది మగవాళ్ళే ఉన్నా క్రెష్ బాధ్యత తప్పదు, కాబట్టి ఆడవాళ్ళను తగ్గించుకుని మిగుల్చుకునేది లేదు. నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్న కార్మికురాలి ప్రసూతి సెలవు డబ్బు ఈఎస్ఐ నుంచి వస్తుంది, యజమాని జేబులోంచి కాదు. ఆరుబయట కూలి చేసే తల్లుల కోసం కూడా క్రెష్‌లు నడపవచ్చని 1969లో ఢిల్లీలో భవన నిర్మాణ కూలీల పిల్లల కోసం మొదలైన మొబైల్ క్రెషెస్ చూపించింది. పక్కనే కర్ణాటక, ఉపాధి హామీ కూలీల పిల్లల కోసం గ్రామ పంచాయతీల్లో 'కూసిన మనె' పేరుతో శిశు కేంద్రాలు తెరిచింది.

చందనవెల్లికి ఇంకో వీలుంది. ఫ్యాక్టరీలన్నీ ఒకే పార్కులో ఉన్నాయి. కొన్ని సంస్థలు డబ్బు కలుపుకుని ఉమ్మడి క్రెష్ నడుపుకోవచ్చని సామాజిక భద్రతా కోడ్ ఒప్పుకుంటుంది. అంగన్‌వాడీలనే క్రెష్‌లుగా నడిపే 'పాల్నా' పథకం కేంద్ర ప్రభుత్వానికి ఉంది. పార్కులో సబ్‌స్టేషన్‌కు, నీళ్ళ ట్యాంకుకు స్థలం కేటాయించినట్టే పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ పిల్లలకూ ఒక స్థలం రాసి ఇవ్వాలి. అది గేటుకు నడిచిపోయేంత దగ్గర ఉండాలి, లేకపోతే రోజుకు నాలుగుసార్లు చూసి రావడమన్నది కాగితం మీదే మిగులుతుంది. వేళలు షిఫ్టు ప్రకారం ఉండాలి. నెలకోసారి తూకం, టేపు కొలత అక్కడే తీసి కార్డులో చుక్క పెట్టాలి. బిడ్డను చూసుకునే ఆయా సాయంత్రం తల్లి వచ్చినప్పుడు ఐదు నిమిషాలు నిలబడి ఇవాళ ఏం తిన్నాడు, ఏం కొత్తగా చేశాడు, ఏ మాట అన్నాడు అని చెప్పే పద్ధతి పెట్టాలి. ఆ ఐదు నిమిషాలూ ఆయా పనిగంటల్లోనే లెక్కకు రావాలి.