మొదటి ప్రయత్నానికి డబ్బు ఎవరిస్తారు?

మా ఊళ్లో బస్సు స్టాపు పక్కన ఒక వెల్డింగు షాపు ఉంది. ఆ షాపు బాబాయి రెండేళ్ల కిందట ఒక ఊక పొయ్యి తయారు చేశాడు. రైసుమిల్లు ఊకతో మండే పొయ్యి అది. కట్టెలు కొనక్కర్లేదు, గ్యాసు కొనక్కర్లేదు. ఆలోచన మంచిదే. కానీ మొదటి పొయ్యి ఇల్లంతా పొగ చేసింది. రెండోది బాగానే మండింది గాని, అరగంటకే ఆరిపోయింది. మూడోది చేద్దామంటే రేకు కొనడానికి డబ్బు లేదు. మొదటి రెండింటికీ నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. ఆ అప్పు ఇంకా తీరలేదు. రెండో పొయ్యిలో ఇప్పుడు కోడి గుడ్లు పెడుతోంది.

"బ్యాంకులో అడక్కపోయారా బాబాయ్?" అన్నాను.

"అడిగానమ్మా. పొయ్యి పని చేస్తుందని రుజువేంటి అన్నారు. ఆ రుజువు చూపించడానికే గదా టీచరమ్మా నేను డబ్బులడిగింది!"

ఈ చిక్కు మన బాబాయి ఒక్కడిదే కాదు. కొత్త వస్తువు చేద్దామనుకునే ప్రతి చిన్న మనిషిదీ. అమెరికా లాంటి డబ్బున్న దేశంలోనూ ఇదే చిక్కు వచ్చింది. అక్కడి ప్రభుత్వం దీనికి ఒక దారి వెతికింది. అదేమిటో చూద్దాం.

పరిశోధన అంటే ఏమిటి? తెలియని విషయాన్ని పరీక్ష చేసి తెలుసుకోవడం. పరిశోధనకి అమెరికా ప్రభుత్వం ఏటా చాలా డబ్బు ఖర్చు పెడుతుంది. పూర్వం అందులో ఎక్కువ భాగం పెద్ద కంపెనీలకీ విశ్వవిద్యాలయాలకీ పోయేది. పదిమంది పనిచేసే చిన్న సంస్థ మొహం ఎవరు చూస్తారు? అక్కడ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అని ఒక ప్రభుత్వ సంస్థ ఉంది. అందులో రోలండ్ టిబెట్స్ అనే అధికారి ఉండేవాడు. ఆయన చొరవతో 1977లో చిన్న సంస్థలకి డబ్బిచ్చే పని మొదలైంది. 1982లో అది చట్టమైంది. ఆ ఏడు జూలై 22న అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ సంతకం పెట్టాడు. ఆ పథకాన్ని పొడి అక్షరాల్లో ఎస్.బి.ఐ.ఆర్. అంటారు. చిన్న వ్యాపారాల పరిశోధన పథకం అన్నమాట. (మన స్టేట్ బ్యాంకుకీ దీనికీ సంబంధం లేదు.)

బయటివారి పరిశోధనకి ఏటా 10 కోట్ల డాలర్లకి మించి ఇచ్చే ప్రతి ప్రభుత్వ శాఖా అందులో కొంత చిన్న సంస్థల కోసం తీసి పక్కన పెట్టాలి. ఇదీ చట్టం. మొదట్లో అది చాలా కొద్ది. పెరిగి పెరిగి 2017 నాటికి నూటికి 3.2 అయింది. అంటే వంద రూపాయల్లో మూడు రూపాయల ఇరవై పైసలు. రక్షణ శాఖ, ఆరోగ్య శాఖ, కరెంటూ ఇంధనమూ చూసే ఇంధన శాఖ, ఇలా చాలా శాఖలు ఈ డబ్బు ఇచ్చాయి.

చిన్న సంస్థ అంటే 500 మందికి మించి పనిచేయనిది. మా మండలం మొత్తం వెతికినా అంత పెద్ద సంస్థ లేదు! అక్కడి లెక్క అది.

ఈ డబ్బు అప్పు కాదు. వడ్డీ లేదు. ప్రయోగం విఫలమైతే తిరిగి కట్టక్కర్లేదు. గెలిస్తే ప్రభుత్వం వాటా అడగదు. కొత్త వస్తువు మీద హక్కు దాన్ని కనిపెట్టిన సంస్థదే. కానీ డబ్బంతా ఒకేసారి ఇవ్వరు. మూడు మెట్లు ఉంటాయి. మొదటి మెట్టులో కొద్ది డబ్బు, కొద్ది నెలల గడువు. "ఇది అసలు అయ్యే పనేనా?" అని తేల్చి చూపాలి. అవుతుందని తేలినవారిలో కొందరికి రెండో మెట్టులో పెద్ద మొత్తం ఇస్తారు. దాంతో వస్తువు పూర్తిగా తయారు చేయాలి. మూడో మెట్టు అమ్మకం. దానికి ఈ పథకం డబ్బు ఇవ్వదు. కొనేవాళ్లనీ పెట్టుబడినీ ఎవరికి వారే వెతుక్కోవాలి.

ఒక నిజమైన కథ చెబుతాను. వడ్రంగి చేతిలో వైరు లేని డ్రిల్లు చూసే ఉంటారు. దాని ప్రాణమంతా బ్యాటరీలోనే ఉంది. లిథియం బ్యాటరీలు చాలావాటిలో కోబాల్టు అనే ఖరీదైన లోహం వాడతారు. వేడెక్కితే అవి అంటుకునే భయమూ ఉంది. 1997లో అమెరికాలో జాన్ గుడినఫ్ అనే శాస్త్రవేత్త బృందం వేరే దారి చూపింది. కోబాల్టు బదులు ఇనుము, ఫాస్ఫేటు. ఫాస్ఫేటు మనకి కొత్త కాదు. డి.ఎ.పి. బస్తాలో ఉండేదే. చవక, పైగా నిప్పు భయం తక్కువ. కానీ ఒక లోపం ఉంది. ఆ పదార్థంలోంచి కరెంటు సరిగ్గా పారదు. డ్రిల్లుకి ఒక్కసారిగా బోలెడు కరెంటు కావాలి గదా!

మసాచుసెట్స్ రాష్ట్రంలో యెట్-మింగ్ చియాంగ్ అనే ప్రొఫెసరు ఈ లోపం మీద పని చేశాడు. ఆ పదార్థాన్ని కంటికి కనపడనంత సన్నని పొడిగా చేసి, అందులో వేరే లోహాలు చిటికెడు కలిపాడు. 2001లో మరికొందరితో కలిసి ఎ-123 సిస్టమ్స్ అనే కంపెనీ పెట్టాడు. మొదట్లోనే ఇంధన శాఖ నుంచి ఈ పథకం కింద లక్ష డాలర్లు వచ్చాయి. ఆనాటి లెక్కన సుమారు 48 లక్షల రూపాయలు. తర్వాత ప్రైవేటు పెట్టుబడి వచ్చింది. 2006 నాటికి ఆ బ్యాటరీలు పేరున్న కంపెనీ డ్రిల్లుల్లోకి ఎక్కాయి.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ మిగతాదీ చెప్పాలి. 2009లో కార్ల బ్యాటరీల ఫ్యాక్టరీ కోసం అదే ప్రభుత్వం ఆ కంపెనీకి 24.9 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. సుమారు 1,200 కోట్ల రూపాయలు! ఇది ఎస్.బి.ఐ.ఆర్. డబ్బు కాదు, వేరే పథకం. కరెంటు కార్లు అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. 2012లో కొన్ని బ్యాటరీల్లో లోపం బయటపడింది. మార్చి ఇవ్వడానికి కోట్ల డాలర్లు ఖర్చయింది. ఆ ఏడు అక్టోబరులో కంపెనీ దివాలా తీసింది. ప్రభుత్వం మంజూరు చేసినదాంట్లో సగం పైగా అప్పటికే ఖర్చయిపోయింది. చివరికి కంపెనీని చైనావాళ్లు కొనుక్కున్నారు. ఇనుము-ఫాస్ఫేటు బ్యాటరీ మాత్రం నిలిచింది. ఇవాళ కార్లలో, సోలారు కరెంటు దాచే పెట్టెల్లో వాడుతున్నారు.

ఇలా ప్రజల డబ్బు ఇవ్వడం సబబేనా? సబ్రీనా హోవెల్ అనే ఆర్థికశాస్త్రవేత్త దీన్ని లెక్కలతో పరీక్షించింది. ఇంధన శాఖ డబ్బు కొద్దిలో వచ్చినవారినీ, కొద్దిలో తప్పినవారినీ పోల్చింది. 2017లో ఫలితం ప్రచురించింది. మొదటి మెట్టు డబ్బు అందిన సంస్థలకి ఆ తర్వాత ప్రైవేటు పెట్టుబడి దొరికే అవకాశం దాదాపు రెట్టింపైంది. నూటికి 10 ఉన్నది 19కి పెరిగింది. రెండో మెట్టు పెద్ద డబ్బుతో మాత్రం పెద్ద తేడా కనపడలేదు. సర్కారు ముద్ర చూసి పెట్టుబడి వచ్చిందా? అది కాదంటుంది ఆమె. ఆ డబ్బుతో నమూనా చేసి, పరీక్షించి, రుజువు చూపగలిగారు. అందుకే వచ్చింది. మా బాబాయి బ్యాంకులో చెప్పిందీ ఇదే గదా!

పథకంలో లోపాలు లేకపోలేదు. కొన్ని సంస్థలు అర్జీలు రాయడంలో ఆరితేరాయి. ఏటేటా డబ్బు తీసుకుంటాయి, వస్తువు మాత్రం బజారుకి రాదు. ఈ ఫిర్యాదు అక్కడ చాలాకాలంగా ఉంది. పైగా ఇది గడువున్న చట్టం. గడువు తీరినప్పుడల్లా పొడిగించాలి. 2025 సెప్టెంబరు 30తో ఒక గడువు తీరిపోయింది.

మన దేశంలో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2005లో ఇలాంటి పథకమే పెట్టింది. పేరు కూడా దాదాపు అదే, ఎస్.బి.ఐ.ఆర్.ఐ. కానీ అది జీవశాస్త్రంతో ముడిపడ్డ పనులకి. మందులు, టీకాలు, పంటలు, అలాంటివి.

ఇదంతా బాబాయికి చెప్పాను. అంతా విని, "అయితే నా పొయ్యి అందులోకి రాదన్నమాట" అన్నాడు. కాసేపు ఆగి, "ఆ మొదటి మెట్టు కాగితంలో ఏం రాయాలన్నావు?" అని అడిగాడు.

ఏం తేల్చాలో, ఎలా తేలుస్తారో, ఎంతవుతుందో రాయాలని చెప్పాను. షాపులో పాత లెక్కల పుస్తకం ఉంటే తీశాడు. పెన్సిలుతో మెల్లగా తనే రాశాడు: "పొయ్యి అరగంటకే ఎందుకు ఆరుతోంది? గాలి చాలకా? ఊక కిందికి దిగకా?" దాని కింద రేకు ధర వేశాడు. గొట్టం ధర వేశాడు. ఊక ఉచితం అని రాసి, మళ్లీ కొట్టేశాడు. ఈమధ్య ఊకకీ మిల్లువాళ్లు డబ్బులు అడుగుతున్నారట.