పగటి గాలి, రాత్రి రంగు

తమిళనాడులో రాజపాళయం పక్కనున్న తళవాయిపురానికి నైటీల ఊరని పేరు. పగటిపూట వీధిలో నడుస్తుంటే కుట్టుమిషన్ల చప్పుడు ఒక గుమ్మం దాటగానే ఇంకో గుమ్మంలో అందుకుంటుంది. ఇలాంటి చోట పగలు ఒక చిన్న కంప్రెసర్ మోగినా ఎవరూ పట్టించుకోరు. అదే రాత్రి పదింటికి మోగిందా, పక్కింటివాళ్లు పొద్దున మొహం చాటేస్తారు. తమాషా ఏమిటంటే, కంప్రెసర్ గాలితో రంగు చల్లే ఎయిర్‌బ్రష్ పట్టుకునే సరదా ఉన్నవాళ్లకు తీరిక చిక్కేది ఆ పదింటి తర్వాతే.

దసరాకు ముందు పాత కొలువు బొమ్మలకు కొత్త రంగులు వేసేవాళ్లున్నారు. ప్లాస్టిక్ విమానాలూ రైళ్లూ అతికించి రంగులద్దే కుర్రాళ్లున్నారు. ఈ ప్రాంతానికి బొమ్మల రంగులు కొత్త కావు. శివకాశి కేలండర్ల అచ్చు ఇక్కడికి దగ్గరే. ఆ కేలండర్లకు దేవుళ్ల బొమ్మలు గీసి పేరు తెచ్చుకున్న సి. కొండయ్యరాజు (1898-1976) స్థిరపడింది కోవిల్‌పట్టిలో. ఆ కేలండర్ దేవుళ్ల బుగ్గల మీద ఒక రంగు ఇంకో రంగులోకి గీత తెలియకుండా జారిపోతుంది చూడండి, కుంచెతో అలా తేవాలంటే ఏళ్ల సాధన కావాలి. ఎయిర్‌బ్రష్ చేతికొస్తే కొన్ని వారాల్లో దాని దరిదాపులకు పోవచ్చు.

ఈ పనిముట్టు వయసు దాదాపు నూటయాభై ఏళ్లు. అమెరికాలో అబ్నర్ పీలర్ అనే ఆయన 1879లో మొదటి రూపం తయారుచేశాడు. ఫోటోలకు మెరుగులు దిద్దే స్టూడియోలు దాన్ని ఎగరేసుకుపోయాయి. సూత్రం సులువే. సన్నని ముక్కు చుట్టూ గాలి వేగంగా దూసుకుపోతే అక్కడ ఒత్తిడి పడిపోతుంది, గిన్నెలోని రంగు అటు లాగబడి తుంపరగా చెదురుతుంది. మీట కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. బ్రష్ కొనడం పెద్ద చిక్కేం కాదు. 0.3 మిల్లీమీటర్ల ముక్కున్న మామూలు రకం ఇంటి పనికి చాలు. చిక్కంతా దాని వెనకాల గాలినిచ్చే పెట్టెతోనే.

ముందుగా ఈ బ్రష్‌కు కావలసిన గాలి ఎంతో తెలిస్తే సగం డబ్బు మిగులుతుంది. ఒత్తిడి 15 నుంచి 30 పీఎస్ఐ, అంటే ఒకటి నుంచి రెండు బార్‌లు. కారు టైరులో ఉండేదీ దాదాపు ఆ రెండు బార్‌లే. గాలి మోతాదు నిమిషానికి పది లీటర్లు, అటూ ఇటూగా. కొట్లో 'ఎక్కువ హార్స్‌పవర్ తీసుకోండి సార్' అంటారు. కారు డోరుకు రంగు కొట్టే స్ప్రే గన్‌కైతే ఆ మాట నిజమే. మన బొమ్మ ముక్కుకు హార్స్‌పవర్‌లో ఆరోవంతు మోటారు సరిపోతుంది.

ఇక చప్పుడు. డబ్బా మీద '47 డెసిబెల్లు' అని అచ్చేసి ఉంటుంది. ఎంత దూరంలో కొలిచారో, ఏ గదిలో కొలిచారో, ట్యాంకులో ఒత్తిడి పెరిగాక కొలిచారో ఖాళీగా ఉన్నప్పుడు కొలిచారో ఉండదు. అందుకే ఆ అంకెకు నేను పెద్దగా విలువివ్వను. డెసిబెల్ లెక్క కూడా మామూలు లెక్క కాదు. పది డెసిబెల్లు పెరిగితే ధ్వని శక్తి పదింతలవుతుంది, చెవికి మాత్రం రెండింతలైనట్టు తోస్తుంది. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్ల హద్దు పెట్టాయి. ఆ పది డెసిబెల్ల తేడాను గుర్తుంచుకోండి.

బజారులో దొరికేవి ప్రధానంగా నాలుగు రకాలు. అన్నిటికంటే చవక, రబ్బరు పొర పైకీ కిందికీ ఆడే డయాఫ్రమ్ రకం. ట్యాంకు ఉండదు, గాలి వణుకుతూ వస్తుంది, ఆ వణుకు రంగు గీతలో కనిపిస్తుంది. బ్రష్‌కే తగిలించుకునే బ్యాటరీ రకం కేకుల మీద రంగు చల్లడానికి బాగుంటుంది, అంతకు మించి ఆశపడొద్దు. మూడోది నూనె అక్కర్లేని ఒంటి పిస్టన్, కింద మూడు లీటర్ల ట్యాంకు. అభిరుచి కోసం కొనేవాళ్లలో ఎక్కువమంది చేతుల్లో ఉండేది ఇదే. నాలుగోది దంతవైద్యుల దగ్గర కనిపించే రకం. నూనె లేనిదే గానీ పెద్దది, ట్యాంకు 24 లీటర్లు, ఎనిమిది బార్‌ల దాకా నిండుతుంది.

మూడో రకానిది మధ్యస్థమైన చప్పుడు, నాలుగోదానిది అంతకంటే ఎక్కువ. అలాంటప్పుడు రాత్రి పనికి మూడోదే మేలనిపిస్తుంది. కాగితం మీద లెక్క వేసి చూడండి.

మూడు లీటర్ల ట్యాంకు నాలుగు బార్‌ల దగ్గర ఆగి, మూడు బార్‌లకు పడగానే మళ్లీ మొదలవుతుంది. ఆ ఒక్క బార్ తేడాలో మనకు దక్కే మామూలు గాలి మూడు లీటర్లు. నిమిషానికి పది లీటర్లు వాడితే పద్దెనిమిది సెకన్లలో ఖాళీ. మళ్లీ మోటారు. అది నింపుతూ ఉంటే మనం వాడుతూనే ఉంటాం కాబట్టి ఆగి ఉండే సమయం కంటే మోగే సమయమే ఎక్కువ. ఆ చిన్న ట్యాంకు ఉన్నది నిశ్శబ్దం కోసం కాదు, పిస్టన్ వణుకును మింగడానికి.

ఇప్పుడు 24 లీటర్లది. ఎనిమిది బార్‌లకు నింపి, ప్లగ్గు పీకేసి, రెండు బార్‌లదాకా వాడుకుంటే ఆరు ఇరవై నాలుగులు నూట నలభై నాలుగు లీటర్లు. మీట వదలకుండా నొక్కి పట్టుకున్నా పద్నాలుగు నిమిషాలు. నిజానికి ఎవరూ అలా నొక్కి పట్టుకోరు. రంగు కలపడం, బొమ్మ తిప్పడం, ముక్కు తుడవడం పోను మీట మీద వేలుండేది మూడోవంతు సమయమే అనుకుంటే ముప్పావు గంట చేతిలో ఉన్నట్టు. ఆ ముప్పావు గంటలో మోటారు చప్పుడు సున్నా. నింపడానికి పట్టే రెండు మూడు నిమిషాల మోత కుట్టుమిషన్లు నడిచే పగటివేళకు నెట్టేయవచ్చు. చప్పుడును తగ్గించలేకపోయినా వేళ మార్చవచ్చు. కంప్రెసర్ కొనేవాళ్లలో చాలామంది అడగని ప్రశ్న ఇదే: ఎంత మోగుతుందని కాదు, ఎప్పుడు మోగుతుందని. కరెంటు పోయిన రాత్రి కూడా పని ఆగదు, అదొక లాభం.

ఇంకో లాభం ఉంది, అది చప్పుడుకు సంబంధించింది కాదు. నవంబరులో ఈశాన్య రుతుపవనాలు పశ్చిమ కనుమల పాదాల దగ్గర గాలిని తడిబట్టలా చేస్తాయి. ముప్పై డిగ్రీల వేడి, ఎనభై శాతం తేమ ఉంటే ఘనమీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. గాలిని నొక్కితే ఆవిరికి చోటు చాలదు. 24 లీటర్ల ట్యాంకు ఒకసారి ఎనిమిది బార్‌లకు నిండి చల్లారితే అడుగున నాలుగు గ్రాములకు పైగా నీళ్లు, చెంచాడుకు కాస్త తక్కువ. అడుగు మర తిప్పితే బుస్సుమని తుప్పు రంగు నీళ్లు పడతాయి. పగలు నింపి రాత్రి వాడితే గాలి చల్లారడానికీ నీరు దిగడానికీ వ్యవధి దొరుకుతుంది. ఆ నీటిని వదిలేశాక ఎనిమిది బార్‌ల గాలి రెండు బార్‌లకు విప్పారేసరికి తేమ దాదాపు మూడోవంతుకు దిగి, పొడిగా వస్తుంది. చిన్న ట్యాంకుకు ఆ తీరిక లేదు. వేడి గాలి వేడిగానే గొట్టంలోకి వెళ్లి, అక్కడ చల్లబడి, చుక్కలు కట్టి, అమ్మవారి బొమ్మకు అప్పుడే వేసిన పసుపు బుగ్గ మీద పుటుక్కున ఉమ్ముతుంది. తడి రంగు మధ్యలో గుండ్రటి తెల్లమచ్చ. ఆరేదాకా ఆగి మళ్లీ వేయడం తప్ప దానికి మందు లేదు. చిన్న రకం కొన్నవాళ్లు తేమ పట్టే గిన్నెను కంప్రెసర్ దగ్గర కాకుండా బ్రష్‌కు దగ్గరగా పెట్టుకోవాలి.

మూడో రకమే మీ బడ్జెట్‌కు అందితే బాధపడనక్కర్లేదు. దాని చప్పుడు నాలుగు దారుల్లో వస్తుంది: గాలి పీల్చే రంధ్రం, మోటారు, పిస్టన్, అన్నిటినీ మించి అది కూర్చున్న చోటు. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఈ మోటార్లు నిమిషానికి సుమారు 1,450 చుట్లు తిరుగుతాయి, అంటే సెకనుకు 24 అదుర్లు. దాన్ని చెక్కబల్ల మీద పెడితే బల్ల ఆ అదురుకు తంబుర బుర్రలా పనిచేస్తుంది. నేల మీద, మెత్తటి మందపాటి స్పాంజి లేదా రబ్బరు మీద పెట్టండి. గట్టి రబ్బరు ముక్క పనికిరాదు. కంప్రెసర్ బరువుకు ఆ పరుపు కాస్త అణగాలి, పైనుంచి వేలితో నొక్కితే నిదానంగా ఊగాలి. ఆ ఊగే వేగం సెకనుకు 24 కంటే బాగా తక్కువ ఉంటేనే అదురు నేలలోకి దిగదు. మేడ మీద అద్దెకున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం, కాంక్రీటు స్లాబు కింద పడుకున్నవాళ్ల చెవికి సరాసరి చేరవేస్తుంది.

ఇంకా తగ్గాలంటే అయిదు మీటర్ల గొట్టం కొని కంప్రెసర్‌ను పక్కగదిలో పెట్టి తలుపు వేయండి. ఇంత కొద్ది గాలికి పొడుగు గొట్టంలో ఒత్తిడి నష్టం లెక్కలోకి రాదు. మామూలు చెక్క తలుపు కూడా పదిహేను డెసిబెల్ల వరకు కోసేస్తుంది. అట్టపెట్టెలోనో పాత బీరువాలోనో మూసిపెట్టాలనే ఆలోచన చాలామందికి వస్తుంది. మే నెల రాజపాళయం ఎండల్లో అది మోటారును ఉడకబెట్టడమే.

పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో సొంతంగా తయారుచేసుకునేవాళ్ల గురించి కూడా చెప్పాలి. చప్పుడు విషయంలో దాన్ని మించింది లేదు, ఫ్రిజ్ పక్కన మనం నిద్రపోతున్నాం కదా. కానీ అది నూనెలో మునిగి పనిచేసే యంత్రం, ఆ నూనె ఆవిరి గాలితో వచ్చి రంగును పట్టనివ్వదు, వడపోత తప్పనిసరి. ఒత్తిడి మీద మళ్లీ మొదలవడం దానికి చేతకాదు, తలమీది గాలిని వదిలే వాల్వు కావాలి. ఒత్తిడి స్విచ్చు, భద్రతా వాల్వు లేకుండా ఏదో ఒక పాత సిలిండరుకు బిగించడం ఇంట్లో బాంబు పెట్టుకోవడమే. పైగా కొత్త ఫ్రిజ్‌లలో చాలావాటి వాయువు ఐసోబ్యూటేన్, అంటుకునే సరుకు. ఏసీ మెకానిక్‌ను పిలవకుండా గొట్టం కోయకండి. చేతిపని తెలిసినవాళ్లకు తప్ప నేను దీన్ని సిఫారసు చేయను.

డబ్బే లేని కుర్రాళ్లకు ఒక పాత ఉపాయం: రిమ్ముతో ఉన్న కారు టైరు. పంక్చరు కొట్లో గాలి కొట్టించి, వాల్వుకు అడాప్టరూ రెగ్యులేటరూ తగిలిస్తే చప్పుడే లేని కంప్రెసర్. పాతిక లీటర్ల టైరు రెండు బార్‌ల నుంచి ఒకటికి దిగేలోపు పాతిక లీటర్ల గాలి, రెండున్నర నిమిషాల మీట. ఒక చిన్న బొమ్మ చీర అంచుకు సరిపోతుంది.

ఏది కొన్నా తుంపర సంగతి మరవకూడదు. నీటి రంగైనా దాని పొగమంచు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, చేతిరుమాలు దాన్ని ఆపదు, ఎన్95 మాస్కు కావాలి. థిన్నర్ రంగులకు అదీ చాలదు, ఆవిరిని పీల్చుకునే బొగ్గు గుళికల మాస్కు ఉండాలి, కిటికీ తెరిచి ఉండాలి. పాత కొలువు బొమ్మల రంగును ఉప్పుకాగితంతో గీకే ముందు ఇంకోమాట. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల్లో 90 వంతులు మించకూడదన్న నియమం అమలైంది 2017 నవంబరులో. అమ్మమ్మ కాలపు బొమ్మలో ఏముందో ఎవరికీ తెలియదు. పొడిగా గీకకుండా తడిపి రుద్దండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఇక కొట్లో చేయాల్సిన పరీక్ష ఒక్కటే. ట్యాంకు ఖాళీ చేయించి, మోటారు వేయించి, నాలుగు బార్‌లకు చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులో చూడండి. ట్యాంకు లీటర్లను నాలుగుతో హెచ్చించి నిమిషాలతో భాగిస్తే అది నిజంగా ఇచ్చే గాలి. మూడు లీటర్లది నలభై సెకన్లలో నిండితే నిమిషానికి పద్దెనిమిది లీటర్లు, తీసుకోవచ్చు. రెండు నిమిషాలు పడితే ఆరే లీటర్లు, డబ్బా మీద ఏం రాసినా వదిలేయండి. నిండాక మోటారు ఆపి, పది నిమిషాలు కొట్టువాడితో కబుర్లు చెప్పి, ముల్లు కదిలిందేమో చూడండి. వేడి గాలి చల్లారి మొదట కాస్త దిగడం మామూలే, ఆ తర్వాత కూడా దిగుతూనే ఉంటే ఎక్కడో కారుతోంది. ఇంటికొచ్చాక సబ్బునీళ్లు పూసి బుడగ లేచిన చోట టెఫ్లాన్ టేపు చుట్టుకోవచ్చు గానీ, అంతవరకూ రాత్రి రెండింటికి మోటారు దానంతటదే లేచి మోగుతూ ఉంటుంది, ప్లగ్గు పీకి పడుకోండి.