బి.పి. అదుపు: డాక్టర్లకూ శిక్షణ అవసరమే

“మూడేళ్ళుగా అదే మాత్ర వేసుకుంటున్నానండి. చూసినప్పుడల్లా బి.పి. కొంచెం ఎక్కువే ఉందంటారు, మళ్ళీ అదే మాత్ర రాస్తారు.” ఖైరతాబాద్, అమీర్‌పేట పరిసరాల నుండి వచ్చే వారి నోట మేము తరచుగా వినే మాట ఇది. ఇటువంటప్పుడు మందు సరిగా వేసుకుంటున్నారా అని రోగిని అడుగుతాము. అడగవలసిందే. కాని చికిత్సను సమయానికి మార్చవలసిన బాధ్యత డాక్టరుది.

అధిక రక్తపోటు ఉన్న ప్రతి ఐదుగురిలో నలుగురికి తగిన చికిత్స అందడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలిపింది. నొప్పి లేదు కదా అని ఊరుకుంటే గుండె, మెదడు, మూత్రపిండాలు లోలోపల దెబ్బతింటాయి. పక్షవాతం వచ్చాక పంజాగుట్ట నిమ్స్‌కు పరుగెత్తడం కన్నా, వీధి చివర డాక్టరుగారి వద్దనే బి.పి. అదుపులోకి రావడం ఎంతో మేలు.

శిక్షణలో ఏమి నేర్పుతారు?

ప్రాథమిక వైద్యుల కోసం పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా ప్రత్యేకంగా సర్టిఫికెట్ కోర్సు నిర్వహించింది. 2017లో కేంద్ర ఆరోగ్య శాఖ, ఐ.సి.ఎం.ఆర్., ప్రపంచ ఆరోగ్య సంస్థ, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి రక్తపోటు నియంత్రణ కార్యక్రమాన్ని ఆరంభించాయి. తొలి ఐదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి.

ఇందులో ముఖ్యమైనది ఒక మెట్ల పద్ధతి. మొదట ఒక మందు ఇస్తారు. నెల తర్వాత కూడా బి.పి. 140/90 కంటే తగ్గకపోతే, “వచ్చే నెల చూద్దాం” అనకుండా మోతాదు పెంచాలి, లేదా రెండవ మందు చేర్చాలి. నర్సులు బి.పి. చూసి కార్డులో రాస్తారు. రానివారిని గుర్తించి మళ్ళీ పిలుస్తారు. 2022 నాటికి ఈ కార్యక్రమంలో చికిత్స పొందుతున్నవారిలో దాదాపు సగం మందికి బి.పి. అదుపులోకి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి అవార్డు లభించింది.

మీరు చేయవలసినవి

• బి.పి. చూపించుకునే ముందు అరగంట వరకు టీ, కాఫీ, సిగరెట్ వద్దు. 5 నిమిషాలు ఊరక కూర్చోండి. వీపు ఆనించి, పాదాలు నేలపై ఉంచి, చేతిని గుండె ఎత్తులో బల్లపై పెట్టండి. ఆ సమయంలో మాట్లాడకండి.

• అంకె ఎంతో అడిగి కార్డులో రాయించుకోండి.

• బి.పి. తగ్గిందని మీ అంతట మీరు మాత్రలు మానకండి. మందు వల్లనే తగ్గిందేమో!

• ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను మించరాదు. ఆవకాయ, అప్పడాలు, వడియాలలోని ఉప్పు కూడా ఈ లెక్కలోనిదే.

ఖర్చుకు వెనుకాడేవారికి 2018 నుండి నగరంలో నెలకొల్పిన బస్తీ దవాఖానాలలో పరీక్ష, మందులు ఉచితం.

రెండు నెలలు వరుసగా మీ అంకె ఎక్కువే ఉంటే, “డాక్టరుగారూ, మందు మార్చాలా?” అని అడగండి. శిక్షణ పొందిన డాక్టరు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు, సంతోషిస్తారు.