సమీకృత బృందం అంటే ఏమిటి?

తమ్ముళ్ళూ, జగిత్యాలలో ఇల్లు కట్టేచోట చూసే ఉంటారు. మేస్త్రీ ప్లాస్టరింగ్ ముగిస్తాడు; మర్నాడు ఎలక్ట్రీషియన్ పైపు కోసం అదే గోడ పగలగొడతాడు. కూలి రెండుసార్లు. (మా నాయినకు ఆ రెండో కూలీ దొరికేది, అది వేరే సంగతి.) డిజైన్ చేసేవారు, కట్టేవారు, రేపు నిర్వహించేవారు మొదటిరోజే ఒకే డ్రాయింగ్ ముందు కూర్చుంటే అదే సమీకృత బృందం.

మన గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ 2019లో ప్రారంభమైంది. 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. ప్లానింగ్, డిజైన్, నాణ్యత నియంత్రణ, నిర్వహణ నాలుగింటిలోనూ లోపాలున్నాయని జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ నివేదిక చెప్పింది. ఈ నాలుగు పనులవాళ్ళు కలిసి కూర్చుంటే ఒకరి పొరపాటు ఇంకొకరి కంట పడుతుంది. కూలీలకూ అందులో చోటుండాలని నా అభిప్రాయం. సైటులో పగులు ముందు చూసేది వాళ్ళే. మా నాయినకు మాత్రం అది ఎవరితో చెప్పాలో తెలిసేది కాదు.