మంజీర నీటిలో దీపకళిక

త్రాగిన నీరు తిరిగి రాదు. పైరు పీల్చిన నీరు ఆవిరియై పోవును. విద్యుత్తును పుట్టించిన నీరు మాత్రము తరుగక ముందుకు సాగును. ఈ సత్యమునకు చక్కని నిదర్శనము సంగారెడ్డి జిల్లాలోని సింగూరు జలాశయము.

1908 నాటి మూసీ వరదల పిమ్మట హైదరాబాదునకు 1920లో ఉస్మాన్ సాగరును, 1927లో హిమాయత్ సాగరును సమకూడెను. నగరము పెరుగగా ఆ జలము చాలదయ్యెను. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టి, కర్ణాటకమును దాటి వచ్చు మంజీరవైపు చూపు మరలెను. ఆ నదిపై వెలసినదే సుమారు 30 టి.యం.సి.ల నీరు పట్టు సింగూరు.

ఆనకట్ట చెంత చిన్న విద్యుత్ కేంద్రము కలదు. 7.5 మెగావాట్ల యంత్రములు రెండు; వెరసి 15 మెగావాట్లు. నాగార్జునసాగర్ ప్రధాన కేంద్రము 800 మెగావాట్లకు మించినది; దాని యెదుట ఇది గోరంత దీపము. కాని రెంటి సూత్రము ఒక్కటే. సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు, అనగా వేయి కిలోల బరువు, ఒక మీటరు ఎత్తునుండి పడుచున్నచో సుమారు 9.8 కిలోవాట్ల శక్తి వెలువడును. ఎత్తు పదింతలైన శక్తియు పదింతలగును. రాపిడివలన కొంత నష్టము పోగా, తక్కిన శక్తి టర్బైనును, దానితో జనరేటరును త్రిప్పును. యంత్రము గ్రహించునది నీరు పడుటలోని బలమును మాత్రమే.

దిగువనున్న మంజీర బ్యారేజికి, ఘనపురం ఆనకట్టకు, 1931లో పూర్తియైన నిజాంసాగరునకు విడుచు నీరు ఈ యంత్రముల మీదుగా పోయినచో వెలుగు లభించును. తలుపులెత్తి ఊరక విడిచినచో ఆ బలమంతయు నురుగై, హోరై వ్యర్థమగును.

అయితే ఇచట ఒక ధర్మసూక్ష్మము కలదు. విద్యుత్తు కొరకే నీటిని దిగువకు విడిచినచో జలాశయము తరుగును. నగరమునకు పంపులతో తోడుకొను నీటికి కొరత వాటిల్లును. కావున ఇంట దాహము యజమాని, దీపము అతిథి. 2015లో వానలు మొగము చాటువేయగా సింగూరు అడుగంటెను. హైదరాబాదు కృష్ణా, గోదావరి జలములనే నమ్ముకొనవలసి వచ్చెను. నీరు లేనినాడు టర్బైను ఇనుపముద్ద మాత్రమే.

1987 నాటి జాతీయ జలవిధానము త్రాగునీటికి మొదటి స్థానమును, సేద్యమునకు రెండవ స్థానమును, జలవిద్యుత్తునకు మూడవ స్థానమును ఒసగెను. ఆ వరుసలోని న్యాయమును సింగూరు ప్రతి వేసవిలోను బోధించును. మీట నొక్కి దీపము వెలిగించు విద్యార్థి, కుండలోని నీటినిగూడ ఒకమారు తలచుకొనుట ఉచితము.