గోడలే గైడ్లు!

లండన్‌ నేచురల్‌ హిస్టరీ మ్యూజియానికి వెళ్లినవాళ్లంతా డైనోసార్ల కోసం లోపలికి పరుగెడతారు. కానీ అక్కడ అన్నిటికన్నా పెద్ద వింత... ఆ భవనమే! 1881లో ప్రారంభమైన ఈ కట్టడానికి ఆర్కిటెక్ట్‌ ఆల్ఫ్రెడ్‌ వాటర్‌హౌస్‌ లోపలా బయటా టెర్రకోట పలకలు వాడారు. లండన్‌ మసి పట్టినా కడిగితే పోతుందని! గోడల నిండా జంతువుల బొమ్మలే. పడమటి వైపు బతికున్న జాతులు, తూర్పు వైపు అంతరించినవి. రెండిటినీ అలా విడదీయమన్నది మ్యూజియం కోసం పట్టుబట్టిన శాస్త్రవేత్త రిచర్డ్‌ ఓవెన్‌. డార్విన్‌ సహజ ఎంపిక సిద్ధాంతం ఆయనకు రుచించేది కాదు మరి! 2008లో హాలు మెట్ల మీదున్న ఓవెన్‌ విగ్రహాన్ని జరిపి డార్విన్‌ని కూర్చోబెట్టారు. గోడలు మాత్రం ఇంకా ఓవెన్‌ మాటే చెబుతున్నాయి. విగ్రహాలను మార్చుకోవచ్చు. గోడలు పోతే ఆనాటి వాదమూ పోతుంది. గ్రేడ్‌-1 వారసత్వ కట్టడంగా ఆ భవనం కాపాడుతున్నది ఇటుకలనే కాదు, దాన్ని కూడా.