అమ్మ ఫోనుకి నామినీ ఎవరు?

మా అమ్మ పోయి ఏడాది దాటింది. ఆవిడ నంబరుకి మా తమ్ముడు ఇప్పటికీ రీచార్జ్ చేయిస్తున్నాడు, అప్పుడప్పుడు ఆ ఫోను నుంచి నాకొక కాల్ కూడా చేస్తాడు. "మనిషే లేనప్పుడు ఎందుకురా ఈ దండగ?" అంది మా పిన్ని. దండగ కాదు. ఎందుకో మనలాంటి దూరాన ఉన్న ఆడపిల్లలందరికీ తెలియాలి.

మన దేశంలో ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు వాడకుండా ఉంటే కంపెనీ దాన్ని ఆపేయవచ్చు. కొన్నాళ్లకి అదే నంబరు వేరేవాళ్లకి వెళ్లిపోతుంది. వాట్సాప్ అయితే 120 రోజులు వాడకంలో లేని అకౌంటుని మామూలుగా తీసేస్తుంది. ఇక గూగుల్ సంగతి. రెండేళ్లపాటు ఎవరూ తెరవని వ్యక్తిగత అకౌంట్లను, అందులోని మెయిళ్లు, ఫోటోలతో సహా తొలగిస్తామని 2023 మే నెలలో ప్రకటించి, ఆ డిసెంబరు నుంచి మొదలుపెట్టింది.

విడివిడిగా చూస్తే ఇవేవీ పెద్ద విషయాలు కావు. మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉండటమే చిక్కు. మన అమ్మానాన్నల జీమెయిల్ ఎలా పుట్టిందో గుర్తు తెచ్చుకోండి. ఫోను కొన్న షాపులో అబ్బాయో, సెలవులకి వెళ్లినప్పుడు మనమో తెరిచి ఇచ్చినదే. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. రికవరీకి ఇచ్చింది ఆ ఫోను నంబరే. నంబరు పోతే ఓటీపీ రాదు. ఓటీపీ రాకపోతే కొత్త ఫోనులో అకౌంటు తెరుచుకోకపోవచ్చు. తెరవకపోతే రెండేళ్ల గడువు నడుస్తూనే ఉంటుంది. తీసేసే ముందు హెచ్చరికలు పంపుతామని గూగుల్ అంటుంది. ఎక్కడికి? ఆ అకౌంటుకీ, రికవరీ మెయిల్ ఉంటే దానికీ. చదివే మనిషి లేదు కదా!

గూగుల్ చెప్పిన కారణం అబద్ధం కాదు. పాత పాస్‌వర్డులతో పడి ఉన్న అకౌంట్లు దొంగల చేతిలో పడటం తేలిక. కానీ ఎవరో వదిలేసిన అకౌంటుకీ, చనిపోయిన అమ్మ అకౌంటుకీ ఆ నియమానికి తేడా తెలియదు. పైగా ఇన్ని ఫోటోలు అక్కడ చేరింది వాళ్లు పిలిస్తేనే. 2015లో గూగుల్ ఫోటోస్ వచ్చినప్పుడు, కాస్త నాణ్యత తగ్గించి ఎన్నైనా ఉచితంగా దాచుకోమన్నారు. 2021 జూన్ 1 నుంచి కొత్తగా పెట్టేవన్నీ 15 జీబీ లెక్కలోకి వస్తాయన్నారు. వ్యాపారం వాళ్లది, నిర్ణయమూ వాళ్లదే. బారసాల ఫోటోలు మాత్రం మనవి.

నా అసలు ఫిర్యాదు ఇది. బ్యాంకులో చిన్న ఖాతా తెరిచినా నామినీ ఎవరని ఫారంలోనే అడుగుతారు. ఈ కంపెనీలు పుట్టినరోజు అడుగుతాయి, ఫోను నంబరు అడుగుతాయి. "మీ తర్వాత ఇది ఎవరికి?" అని మొదట్లోనే ఎందుకు అడగవు?

నిజానికి ఆ ఏర్పాటు ఉంది, సెట్టింగుల్లో ఎక్కడో లోపల. గూగుల్‌లో దాని పేరు ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్. 2013 నుంచీ ఉంది. ఎన్ని నెలలు వాడకపోతే ఎవరికి కబురు పంపాలో, ఏమేమి ఇవ్వాలో ముందే రాసిపెట్టుకోవచ్చు. పదిమంది దాకా పేర్లు ఇవ్వచ్చు. ఐఫోనులో లెగసీ కాంటాక్ట్ అంటారు. మనం ఎంచుకున్నవాళ్లకి ఒక కీ వస్తుంది. తర్వాత ఆ కీ, మరణ ధ్రువపత్రం చూపిస్తే ఫోటోలు, ఇతర సమాచారం తీసుకోనిస్తారు. ఇవేవీ చేసి ఉండకపోతే కుటుంబం గూగుల్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. కానీ పాస్‌వర్డ్ ఇవ్వరు, లోపలివి ఇస్తారన్న హామీ కూడా లేదు.

ఇంట్లో ఇప్పటికే ఎవరైనా పోయి ఉంటే, ముందు ఆ నంబరు బతికి ఉండేలా చూడండి. పత్రాలు ఇచ్చి కుటుంబంలో ఒకరి పేరు మీదికి మార్పించుకునే వీలుంది. ఫోను తెరిచి ఉండగానే గూగుల్ టేకౌట్‌తో అన్నీ దింపుకుని, రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకటి ఇండియాలో, ఒకటి మీ దగ్గర ఉంచండి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజులు మర్చిపోకండి. "తిన్నావా అమ్మడూ?" అన్న గొంతు ఇంకెక్కడా దొరకదు.

పెద్దవాళ్లు బాగున్నప్పుడు ఈ మాట ఎత్తడం కష్టమే. "అవేం మాటలే, శుభమా అంటూ!" అని కసురుకుంటారు. అందుకని ముందు మీది చేసుకోండి. తర్వాత వీడియో కాల్‌లో చూపించి, "నాకు నామినీగా చెల్లిని పెట్టానమ్మా, నీకెవరిని పెట్టమంటావు?" అని అడగండి. అలా అడిగితే ఏ అమ్మా కాదనదు. పైగా ఎవరి పేరు ముందు పెట్టాలో తనే తేల్చి చెబుతుంది.